ఎలీసా ప్లేటుకు వైరస్‌ను అంటించడం ఎలా

ఎలీసా అంటే ప్లాస్టిక్ ప్లేటులోని చిన్న గుంటల్లో, అంటే వెల్స్‌లో, యాంటిజెన్‌నో యాంటీబాడీనో రంగుతో పట్టే పరీక్ష. కోటింగ్ (వైరస్‌ను గోడకు అంటించడం) అయింది, బ్లాకింగ్ (మిగిలిన ఖాళీ గోడను వేరే ప్రోటీన్‌తో కప్పడం) అయింది, సీరం, కాంజుగేట్ (ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ) వేశారు, టీఎంబీ (రంగు తెచ్చే ద్రవం) పోశారు. పదిహేను నిమిషాలైనా పాజిటివ్ కంట్రోల్ లేత నీలం దాటలేదు. అప్పుడు అందరి అనుమానమూ ముందు యాంటీబాడీ మీదికే పోతుంది. కొత్త వయల్ తెప్పిస్తారు, కాంజుగేట్ పాళ్లు పెంచుతారు, సీరం మళ్లీ తీయిస్తారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. ముందురోజు సాయంత్రం వైరస్ ప్లాస్టిక్‌ను తాకిన మొదటి గంటలోనే అది జరిగిపోయి ఉంటుంది.

హైదరాబాద్‌లోని తార్నాక, హబ్సిగూడ ల్యాబుల్లో ప్రాజెక్టు చేసే విద్యార్థుల కోసం, జీనోమ్ వ్యాలీలో క్యూసీ (నాణ్యత పరీక్ష) బెంచీ దగ్గర కొత్తగా చేరినవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. వైరస్ వెల్‌కు ఎంత అంటింది అనేది ఒక ప్రశ్న. ఏ రూపంలో అంటింది అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు ఓడీలో, అంటే రీడర్ కొలిచే రంగు గాఢతలో కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని వెంటే పడతారు. అస్సేను, అంటే పరీక్షను నిలబెట్టేదీ పడగొట్టేదీ రెండోదే.

ప్లాస్టిక్‌కు ఎందుకు అంటుతుంది

ప్లేటు పాలీస్టైరీన్. దాని పైపొర నిండా బెంజీన్ వలయాలే, నీళ్లంటే దానికి గిట్టదు. వైరస్ పై ప్రోటీన్లలోనూ నీళ్లకు దూరంగా ఉండే చోట్లు కొన్ని ఉంటాయి. ఈ రెండూ ఎదురుపడితే మధ్యలో ఉన్న నీరు పక్కకు తప్పుకుంటుంది, కణం గోడకు ఆనుకుంటుంది. పాఠ్యపుస్తకాల్లో అధిశోషణ అనేది దీన్నే. ఇందులో రసాయన బంధం ఏదీ లేదు. మొదట ఒకటి రెండు చోట్ల తాకిన ప్రోటీన్ మెల్లగా ఒళ్లు విప్పుకుని పది చోట్ల అతుక్కుంటుంది. గట్టిగా పట్టుకునేది అందువల్లే, ఆకారం చెడేదీ అందువల్లే. ఈ పనిలో లాభమూ నష్టమూ ఒకే గుమ్మంలోంచి వస్తాయి.

మ్యాక్సీసార్ప్ వంటి హై బైండింగ్ ప్లేట్లలో పైపొర మీద ఆక్సిజన్ ఉన్న గుంపులు కూడా ఉంటాయి. కాబట్టి నీళ్లంటే ఇష్టపడే ప్రోటీన్లు, చక్కెర గొలుసులున్న గ్లైకోప్రోటీన్లు కూడా వాటికి అంటుతాయి. ఇలాంటి ప్లేటు చదరపు సెంటీమీటరుకు సుమారు 600 నానోగ్రాముల ఐజీజీ యాంటీబాడీని పట్టుకుంటుంది. మామూలు మీడియం బైండింగ్ ప్లేటు పట్టేది 100 నుంచి 200. పైన చక్కెర పూత ఎక్కువగా ఉండే ఎన్వలప్ (కొవ్వు పొర ఉన్న) వైరస్‌లకు హై బైండింగే తీసుకోండి. టిష్యూ కల్చర్ ప్లేటూ చూపుకు అలాగే ఉంటుంది, అరలో పక్కనే ఉంటుంది. పొరపాటున అది చేతికొస్తే ఆ రోజంతా వృథా. ప్లేటు అంచున అచ్చైన కేటలాగ్ నంబరు చదివి నోట్‌బుక్‌లో రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ప్లాస్టిక్ ఎవరినీ ఎంచుకోదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టే, ముందు తాకినవాడిదే సీటు. మీకు కావలసింది వైరస్ కూర్చోవడం. ద్రావణంలో సీరం ప్రోటీన్ అల్బుమిన్ కూడా ఉంటే అది చిన్నది, చురుకైనది. వైరస్ మెట్టెక్కేలోగా బస్సు నిండిపోతుంది.

ఈ మాటకు లెక్క కూడా ఉంది. 96 వెల్స్ ప్లేటులో 100 మైక్రోలీటర్లు పోస్తే తడిసే గోడ, అడుగు కలిపి సుమారు 0.95 చదరపు సెంటీమీటర్లు. 100 నానోమీటర్ల వ్యాసమున్న గుండ్రటి వైరస్‌లు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటే అందులో దాదాపు 650 కోట్ల కణాలు పడతాయి, బరువు సుమారు 4 మైక్రోగ్రాములు. 30 నానోమీటర్ల పోలియో వంటి చిన్న వైరస్ అయితే 7 వేల కోట్లకు పైగా కణాలు, బరువు 1 మైక్రోగ్రాము. ప్రోటోకాల్స్‌లో మి.లీ.కు 1 నుంచి 10 మైక్రోగ్రాములని కనిపించే కోటింగ్ పాళ్లు ఈ లెక్కకు దగ్గరగా ఉంటాయి. ఇప్పుడు 10 శాతం ఎఫ్‌బీఎస్ (కణాలను పెంచడానికి కలిపే దూడ పిండం సీరం) ఉన్న కల్చర్ ద్రవాన్ని నేరుగా పోశారనుకోండి. 100 మైక్రోలీటర్లలో 300 నుంచి 400 మైక్రోగ్రాముల సీరం ప్రోటీన్ ఉంటుంది. వెల్ పట్టేది అర మైక్రోగ్రాము చుట్టుపక్కల. ఒక్కో సీటుకు ఆరేడు వందల మంది పోటీ అన్నమాట.

రాత్రంతా ఎందుకు ఉంచాలి

"రాత్రంతా 4 డిగ్రీల దగ్గర" అని ప్రతి ప్రోటోకాల్‌లోనూ ఉంటుంది, ఎందుకో మాత్రం చెప్పరు. వైరస్ తనంతట తాను ఈదదు. నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ కొట్టుకుపోతూ గోడను చేరుతుంది. 25 డిగ్రీల దగ్గర 100 నానోమీటర్ల కణం గంటలో సగటున జరిగేది 0.2 మిల్లీమీటర్లు. అదే గంటలో ఐజీజీ అర మిల్లీమీటరు పోతుంది. 4 డిగ్రీల దగ్గర నీరు చిక్కబడుతుంది కాబట్టి రాత్రంతా, అంటే 16 గంటలు ఉంచినా వైరస్ కదిలేది అర మిల్లీమీటరు చిల్లరే. వెల్‌లో ద్రవం లోతేమో 3 మిల్లీమీటర్లు, నడిమధ్య నుంచి గోడకు మరో 3. కదపకుండా వదిలేస్తే మధ్యలో ఉన్న వైరస్ తెల్లారినా మధ్యలోనే ఉంటుంది. పొద్దున్నే దాన్ని సింకులో పారబోస్తారు.

అందుకని రెండు పనులు చేయండి. ప్లేటును ఆర్బిటల్ షేకర్ మీద నిమిషానికి 300 చుట్ల దగ్గర, ద్రవం అంచుకు ఎగరకుండా, మెల్లగా తిప్పండి. కోల్డ్ రూమ్‌లో షేకర్ లేకపోతే మొదటి రెండు గంటలు బయట తిప్పి తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. యాంటిజెన్ (ఇక్కడ వైరస్) తక్కువగా ఉంటే 100కు బదులు 50 మైక్రోలీటర్లే, రెట్టింపు పాళ్లలో పోయండి. లోతు సగమవుతుంది కాబట్టి అదే వైరస్ త్వరగా అడుగుకు చేరుతుంది. తొందరగా ఉంటే 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచే పద్ధతి కూడా ఉంది. తట్టుకునే వైరస్‌కు అది పనికొస్తుంది, సున్నితమైనదానికి వద్దు. ఏది సున్నితమో ఇప్పుడు చూద్దాం.

ఏ వైరస్‌ను ఎలా చూసుకోవాలి

టీకాల తయారీ వల్ల ఈ నగరంలో కొన్ని వైరస్‌లు మరీ తరచుగా చేతికొస్తాయి. వాటినే ఉదాహరణలుగా తీసుకుంటాం.

పశువుల గాలికుంటు వ్యాధి వైరస్‌తో మొదలుపెడదాం. గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వల్ల దీని పేరు ఇక్కడ తెలియనివారు తక్కువ. టీకాకు బలమిచ్చేది 146ఎస్ అనే పూర్తి కణం. పీహెచ్ 6.5 కన్నా దిగినా, కాస్త వేడెక్కినా అది 12ఎస్ ముక్కలుగా విడిపోతుంది. అందులో 'ఓ' (O) అనే రకం మరీ సున్నితం. దీన్ని నేరుగా ప్లాస్టిక్‌కు అంటిస్తే ప్లాస్టిక్ కూడా దాని ఆకారాన్ని చెడగొడుతుంది. ఓడీ బాగానే వస్తుంది, కానీ మీరు కొలుస్తున్నది కణాన్నో ముక్కల్నో తెలియదు. కాబట్టి 146ఎస్‌ను కొలవాలంటే డైరెక్ట్ కోటింగ్ ఆలోచనే పెట్టుకోవద్దు. ముందు వైరస్‌ను పట్టుకునే క్యాప్చర్ యాంటీబాడీ అంటించి, దాని మీద వైరస్‌ను నిలపండి.

పోలియోదీ ఇదే కథ. పూర్తి కణంలో డీ యాంటిజెన్ ఉంటుంది. 56 డిగ్రీలకు వేడిచేస్తే అది సీ యాంటిజెన్‌గా మారుతుంది. పాలీస్టైరీన్‌కు నేరుగా అంటించినా ఆ మార్పు వస్తుంది. ఐపీవీ (ఇంజెక్షన్ పోలియో టీకా) బలాన్ని డీ యాంటిజెన్ యూనిట్లలోనే లెక్కగడతారు కాబట్టి అక్కడా శాండ్‌విచ్, అంటే క్యాప్చర్ యాంటీబాడీ మీద నిలిపే పద్ధతే.

రోటా వైరస్‌ది వేరే పేచీ. జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ చేసే రోటావాక్ టీకాలోని 116ఈ రకమైనా, మరొకటైనా, దానికి మూడు పొరలు. పై పొరలోని వీపీ7ను పట్టి ఉంచేది కాల్షియం. కాల్షియాన్ని లాగేసే ఈడీటీఏ తగిలితే పై పొర ఊడి లోపలి వీపీ6 బయటపడుతుంది. మీకు కావలసింది వీపీ6 యాంటీబాడీలే అయితే బెంగ లేదు, ఇంకా మేలే. వీపీ7 మీది న్యూట్రలైజింగ్ (వైరస్‌ను సోకనివ్వని) యాంటీబాడీలు కావాలంటే మాత్రం కోటింగ్ బఫర్‌గా 10 మిల్లీమోలార్ ట్రిస్, 140 మిల్లీమోలార్ ఉప్పు, 10 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్, పీహెచ్ 7.4 వాడండి. కార్బొనేట్ బఫర్‌లో కాల్షియం కలపవద్దు, సున్నపు మడ్డిలా తెల్లగా విరుగుతుంది. పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్)లోని ఫాస్ఫేట్ కూడా కాల్షియాన్ని లాగేసుకుంటుంది.

రేబిస్, సార్స్ కోవ్ 2 (కరోనా) వంటి ఎన్వలప్ వైరస్‌లకు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. ప్లాస్టిక్‌కు తగిలేది ఆ పొరలోంచి పొడుచుకొచ్చిన ప్రోటీన్లే. ఇవి నేరుగా అంటుతాయి, చాలా అస్సేలు అలాగే నడుస్తున్నాయి. 2020లో పుణెలోని ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) రూపొందించిన ఐజీజీ ఎలీసాలో వెల్‌కు అంటించింది నిష్క్రియం చేసిన పూర్తి వైరస్ యాంటిజెన్‌నే. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ముఖ్యంగా డిటర్జెంట్‌తో. ట్రైటాన్, ఎన్‌పీ 40 వంటివి పొరను కరిగించి లోపలి ఎన్ ప్రోటీన్‌ను బయటికి తెస్తాయి. ఎన్ కావాలనుకుంటే అది వరమే. పైకి పొడుచుకొచ్చిన స్పైక్ ప్రోటీన్ కావాలనుకుంటే అక్కరలేని గొడవ. రేబిస్ జీ ప్రోటీన్ పీహెచ్ 6.3 కన్నా తక్కువలో ఆకారం మార్చుకుంటుంది కాబట్టి ఆమ్ల బఫర్లు దగ్గరికి రానివ్వకండి.

నిష్క్రియం చేసిన విధానమూ లెక్కలోకి వస్తుంది. ఫార్మలిన్ లైసీన్లను అల్లేస్తుంది. కణం గట్టిపడుతుంది, కొన్ని ఎపిటోప్‌లు (యాంటీబాడీ పట్టుకునే చోట్లు) మూసుకుపోతాయి. 56 డిగ్రీల వేడి ఆకారాన్నే మారుస్తుంది. బీపీఎల్ (బీటా ప్రొపియోలాక్టోన్) కొంత మేలు, అయినా కరోనా స్పైక్ విషయంలో కొంత భాగం పోస్ట్‌ఫ్యూజన్ (కణంతో కలిశాక వచ్చే) రూపంలోకి మారిపోయి ఉండొచ్చు. బీపీఎల్ విడిపోయేటప్పుడు ఆమ్లం పుడుతుంది, కోటింగ్‌కు ముందు పీహెచ్ చూసుకోండి. నిష్క్రియమైందని కణాల్లో పాసేజ్ చేసి (మళ్లీ పెరుగుతుందేమో చూసి) రూఢి చేసిన కాగితం చేతికి రాకుండా ఏ బ్యాచ్‌నూ మామూలు బెంచీ మీదికి తేవద్దు. ఇది సలహా కాదు, నియమం.

కోటింగ్‌కు ముందు శుభ్రం

వైరస్‌ను వీలైతే సీరం లేని మీడియంలో హార్వెస్ట్ చేయండి. వీలుకాకపోతే 20 శాతం సుక్రోజ్ కుషన్ (చక్కెర ద్రావణం పొర) మీద 1,00,000 జీ దగ్గర 2 గంటలు తిప్పి కిందికి దించండి. పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) 8000తో 8 శాతం పాళ్లలో, అర మోలార్ ఉప్పుతో దించడం చవక. కానీ మిగిలిన పీఈజీ ప్లాస్టిక్‌కు, వైరస్‌కు మధ్య పడి అంటనివ్వదు. అలా దించినదాన్ని తప్పకుండా డయాలిసిస్ చేయండి. గ్లిసరాల్, డిటర్జెంట్, స్టెబిలైజర్‌గా కలిపిన అల్బుమిన్, జెలటిన్ అన్నీ పోవాలి. కొన్న యాంటిజెన్ అయితే డేటా షీట్‌లో చివరి పంక్తి దాకా చదవండి. "0.1 శాతం బీఎస్ఏతో" అన్న చిన్న ముక్క అక్కడే దాక్కుంటుంది. 0.1 శాతమంటే మి.లీ.కు 1 మి.గ్రా. అల్బుమిన్. మీ వైరస్ మి.లీ.కు 5 మైక్రోగ్రాములైతే రెండు వందల రుమాళ్లకు మీది ఒకటి.

ఫ్రీజర్‌లోంచి తీసిన వయల్‌ను మెల్లగా, మంచులో పెట్టి కరిగించండి. రెండోసారి గడ్డకట్టించవద్దు. ఎన్వలప్ వైరస్‌లు పగులుతాయి, మిగతావి గుంపుకడతాయి. కరిగాక 2,000 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి గడ్డలను దించేయండి. గడ్డలు మిగిలితే డూప్లికేట్ వెల్స్ ఒకదానికొకటి పొంతన లేకుండా చదువుతాయి.

వోర్టెక్స్ మీద నురగ వచ్చేలా తిప్పవద్దు. గాలి, నీరు, ప్లాస్టిక్ మూడూ కలిసే అంచున కణాలు దెబ్బతింటాయి. ఎంఎస్2 ఫేజ్ పాలీప్రొపిలీన్ ట్యూబులో ఊపితే చచ్చిపోయేది, గాజు ట్యూబులో నిలిచేది అందుకే. ట్యూబు గోడకు అంటుకుపోవడమూ ఇలాంటి నష్టమే. మి.లీ.కు 0.1 మైక్రోగ్రాము వంటి పలుచని ద్రావణాన్ని మామూలు ట్యూబులో గంటసేపు ఉంచితే ప్లేటుకు చేరాల్సినదాంట్లో కొంత ట్యూబుకే మిగులుతుంది. డైల్యూషన్లు లో బైండింగ్ ట్యూబుల్లో, పోసే ముందే చేయండి.

కోటింగ్, అంచెలంచెలుగా

1. కార్బొనేట్ బఫర్ కలపండి. లీటరుకు నీళ్లు లేని సోడియం కార్బొనేట్ 1.59 గ్రాములు, సోడియం బైకార్బొనేట్ 2.93 గ్రాములు. పీహెచ్ 9.6 రావాలి. నీళ్లు మిల్లీక్యూవే, అంటే అతిశుద్ధమైనవే. మన బోరు నీళ్ల సంగతి ఇంట్లో గీజర్ రాడ్ విప్పి చూసినవారికి చెప్పక్కర్లేదు. ఆ కాల్షియం ఈ బఫర్‌లో పడితే మబ్బుగా విరుగుతుంది. మూత తీసి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను దించుతుంది కాబట్టి తక్కువ తక్కువగా కలిపి 4 డిగ్రీల దగ్గర రెండు వారాలకు మించి ఉంచకండి.

2. పక్కనే పీబీఎస్ కూడా పెట్టుకోండి. లీటరుకు ఉప్పు 8 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.2, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.44, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.24 గ్రాములు, పీహెచ్ 7.4. కొత్త వైరస్ అయితే రెండింటిలోనూ కోట్ చేసి పోల్చండి. చాలా వైరస్‌ల ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 3.5కూ 7కూ మధ్య ఉంటుంది. 9.6 దగ్గర వైరస్‌కూ, హై బైండింగ్ గోడకూ రెండింటికీ ఋణావేశమే. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అయినా అంటుతున్నాయంటే నీళ్లను తప్పించుకునే గుణం ఆ తోపును గెలుస్తోందని అర్థం. గెలవలేని వైరస్‌కు పీబీఎస్‌లోని ఉప్పు ఆవేశాలను కప్పి సాయం చేస్తుంది. "కోటింగ్ అంటే 9.6" అని కంఠస్థం చేసినవాళ్లు ఈ పోలికను దాటేస్తారు. దాటేయవద్దు.

3. రెండు వైపులా మార్చి చూసే పట్టిక, అంటే చెకర్‌బోర్డ్ వేయండి. 'ఏ' (A) వరుసలో మి.లీ.కు 10 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి సగం సగం తగ్గిస్తూ జీ దాకా, హెచ్ వరుసలో వైరస్ లేకుండా. నిలువు వరుసల్లో పాజిటివ్, నెగెటివ్ సీరాల డైల్యూషన్లు 1:50 నుంచి మొదలుపెట్టండి. వైరస్‌తో పాటు, సోకని కణాలను అదే పద్ధతిలో అన్ని అంచెలూ దాటించి తీసిన మాక్ యాంటిజెన్‌ను వేరే ప్లేటులో అదే ప్రోటీన్ పాళ్లలో పోయండి. ఇది లేని అస్సేను మేము నమ్మం. వైరస్‌ను పెంచే వీరో కణాల ప్రోటీన్లకూ, ఆవు సీరం ప్రోటీన్లకూ మనుషుల్లో యాంటీబాడీలు ఉండొచ్చు. అవి ఇచ్చే ఓడీ కూడా వైరస్ ఓడీలాగే పసుపుపచ్చగా ఉంటుంది.

4. వెల్‌కు 100 మైక్రోలీటర్లు పోయండి. సీలర్ అంటించండి. తడి టిష్యూ పరిచిన డబ్బాలో పెట్టి పైన చెప్పినట్టు తిప్పి, 4 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచండి. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చితే మధ్యవి ఆలస్యంగా చల్లబడతాయి. పక్కపక్కన పరవండి.

5. మర్నాడు ద్రవాన్ని పారబోయకండి. కొన్ని వెల్స్‌ది తీసి రెండో కొత్త ప్లేటులో పోసి మళ్లీ కోట్ చేయండి. మొదటి ప్లేటూ రెండోదీ ఒకే ఓడీ ఇస్తే గోడ నిండిపోయింది, వైరస్ మిగిలిపోతోంది, పాళ్లు తగ్గించొచ్చు. రెండోది ఖాళీగా వస్తే పోసినదంతా అంటింది, ఇంకొంచెం పెంచే చోటుంది. రెండూ బలహీనంగా ఉంటే పోటీ ప్రోటీన్ ఏదో అడ్డుపడుతోంది, లేదా మీ యాంటీబాడీ గుర్తుపట్టే ముఖం గోడవైపు తిరిగిపోయింది. ఖర్చు లేని ఈ ఒక్క పరీక్ష ఎన్నో వారాలు మిగులుస్తుంది.

6. 0.05 శాతం ట్వీన్ 20 కలిపిన పీబీఎస్‌తో 300 మైక్రోలీటర్ల చొప్పున మూడుసార్లు కడగండి. టిష్యూ మీద బోర్లించి తట్టండి. ఆరిపోనివ్వకుండా వెంటనే బ్లాకింగ్‌కు వెళ్లండి.

7. బ్లాకింగ్ 100 కాదు, 250 నుంచి 300 మైక్రోలీటర్లు. కోటింగ్ గీతకు పైన ఉన్న గోడ ఇంకా ఖాళీ సీటే. అక్కడ రుమాలు వేయకపోతే సీరం వచ్చి కూర్చుంటుంది. 5 శాతం స్కిమ్ మిల్క్ గానీ, 1 నుంచి 3 శాతం బీఎస్ఏ గానీ, 37 డిగ్రీల దగ్గర గంట. పాలపొడిలో బయోటిన్ ఉంటుంది, స్ట్రెప్టావిడిన్ కాంజుగేట్ వాడేవాళ్లు దాని జోలికి పోవద్దు. పశువుల సీరం పరీక్షిస్తూ ఆవు ఐజీజీని గుర్తించే కాంజుగేట్ వాడేవాళ్లకూ పాలు పనికిరావు, పాలలోనే ఆ ఐజీజీ ఉంటుంది.

ఆపై సీరం, కాంజుగేట్, టీఎంబీ, ఆమ్లంతో ఆపి 450 నానోమీటర్ల దగ్గర చదవడం మీకు తెలిసిన దారే. కాంజుగేట్‌ను పలుచన చేసే ద్రవంలో సోడియం అజైడ్ ఉంటే హెచ్‌ఆర్‌పీ (రంగు తెచ్చే ఎంజైమ్) చచ్చిపోతుందని మాత్రం ఒకసారి గుర్తుచేస్తున్నాం. పట్టికలో పాజిటివ్, నెగెటివ్ నిష్పత్తి ఎక్కడ గరిష్ఠమో, పాజిటివ్ 1 నుంచి 1.5 మధ్య, నెగెటివ్ 0.1 చుట్టుపక్కల ఎక్కడున్నాయో ఆ పాళ్లే మీవి. అన్నిటికన్నా పెద్ద ఓడీ ఇచ్చిన వరుసను ఎంచుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు.

నేరుగా అంటకపోతే

పాలీ ఎల్ లైసీన్ మొదటి మందు. మి.లీ.కు 10 మైక్రోగ్రాములు, వెల్‌కు 100 మైక్రోలీటర్లు, గంట ఉంచి రెండుసార్లు పీబీఎస్‌తో కడిగి వైరస్ పోయండి. గోడకు ధనావేశం వస్తుంది కాబట్టి ఋణావేశమున్న వైరస్ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. సీరంలోనివి కూడా అలాగే వస్తాయి, బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. బ్లాకింగ్ సమయం రెట్టింపు చేయండి.

మ్యానోజ్ గొలుసులున్న గ్లైకోప్రోటీన్ వైరస్‌లకు కాన్‌కనావలిన్ ఏ అనే లెక్టిన్‌ను ముందు అంటించి దాని మీద పట్టొచ్చు. దానికి కాల్షియం, మాంగనీస్ కావాలి కాబట్టి ఈడీటీఏ దరికి రానివ్వొద్దు. అన్నిటికన్నా నమ్మకమైనది క్యాప్చర్ యాంటీబాడీ. మి.లీ.కు 1 నుంచి 5 మైక్రోగ్రాములు రాత్రంతా, తర్వాత బ్లాకింగ్, తర్వాతే వైరస్. ఇక్కడ ప్లాస్టిక్ దెబ్బ తినేది యాంటీబాడీ. వైరస్ దాని చేతుల మీద నీటిలోనే నిలబడుతుంది. పైగా గోడ అప్పటికే నిండి ఉంటుంది కాబట్టి శుభ్రం చేయని కల్చర్ ద్రవం నుంచి కూడా వైరస్‌ను ఏరుకోవచ్చు. క్యాప్చర్‌కూ, డిటెక్షన్‌కూ ఒకే జంతువు యాంటీబాడీ వాడితే కాంజుగేట్ నేరుగా కింది పొరకే అంటుతుంది. కుందేలుది కింద ఉంటే గినీపిగ్‌ది పైన వేయండి.

రీడింగ్ ఏం చెబుతోంది

పాళ్లు పెంచేకొద్దీ ఓడీ పెరిగి, మళ్లీ దిగిందా? గోడ నిండాక కణాలు ఒకదాని మీద ఒకటి వదులుగా పేరుకున్నాయి. సీరం పట్టుకున్నాక ఆ పై వరుస కడుగుడులో ఊడి, మీ యాంటీబాడీని కూడా వెంటబెట్టుకుపోయింది. పాళ్లు తగ్గించండి.

పొద్దున బాగా వచ్చి మధ్యాహ్నం ప్లేటులో తగ్గిందా? కోట్ చేసిన కొన్ని వెల్స్‌ను ట్వీన్ బఫర్‌తో 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి, ఉంచనివాటితో పోల్చండి. తేడా వస్తే వైరస్ ఊడుతోంది. ట్వీన్‌ను 0.02 శాతానికి దించండి, లేదా కోటింగ్ తర్వాత 4 శాతం ఫార్మాల్డిహైడ్‌తో 15 నిమిషాలు బిగించి బాగా కడగండి. అసిటోన్‌తో బిగించాలని చూడకండి, పాలీస్టైరీన్ పాలలా తెల్లబడి రీడర్‌కు అడుగు కనిపించదు. మెథనాల్ పరవాలేదు.

అంచు వెల్స్ ఒకలా, మధ్యవి ఒకలా చదువుతుంటే అది వైరస్ తప్పు కాదు. ఆవిరి, వేడి. ప్రోటోకాల్‌లో "రూమ్ టెంపరేచర్" అని రాసినవాడు 20 నుంచి 25 డిగ్రీలనుకుని రాశాడు. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో అది 35. టీఎంబీ ఏడు నిమిషాలకే ముదురుతుంది. అంకె రాసుకోండి, మాట కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేటును, బఫర్లను అన్నింటినీ అరగంట బయట ఉంచి ఒకే వేడికి తెచ్చాకే మొదలుపెట్టండి. కొత్త లాట్ ప్లేట్లు వచ్చినప్పుడు ఒక ప్లేటు మొత్తం ఒకే పాళ్లలో కోట్ చేసి 96 వెల్స్ చదవండి. సీవీ (వెల్స్ మధ్య తేడాను చెప్పే శాతం) 10 శాతం దాటితే ఆ లాట్‌ను పక్కన పెట్టండి.

ఇక ఏ రూపంలో అంటిందన్న ప్రశ్న. రెండు మోనోక్లోనల్స్ (ఒకే చోటును పట్టే యాంటీబాడీలు) తీసుకోండి. ఒకటి పూర్తి ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టేది, రెండోది విప్పుకున్న గొలుసునూ పట్టేది. ఒకే వైరస్‌ను ఒక ప్లేటులో నేరుగా, ఇంకో ప్లేటులో క్యాప్చర్ మీద నిలిపి రెండు యాంటీబాడీలతోనూ చదవండి. క్యాప్చర్ మీద రెండూ బాగా వచ్చి, నేరుగా అంటించినచోట మొదటిది పడిపోతే మీ వైరస్ ప్లాస్టిక్ మీద కూలిపోయింది. ఓడీ ఎంత ఉన్నా ఆ ప్లేటుతో టీకా బలాన్ని గానీ, న్యూట్రలైజింగ్ యాంటీబాడీలను గానీ అంచనా కట్టవద్దు. సోకిందా లేదా అని ఐజీజీ చూసే సర్వేకు మాత్రం అదే ప్లేటు చక్కగా పనికొస్తుంది. మామూలు సీరంలో విప్పుకున్న రూపాన్ని పట్టే యాంటీబాడీలకూ కొదవ ఉండదు.

కోట్ చేసిన ప్లేట్లను దాచుకోవాలంటే బ్లాకింగ్ చివర్లో 5 శాతం సుక్రోజ్ లేదా ట్రెహలోజ్ కలిపిన ద్రవాన్ని గంట ఉంచి, దులిపి, 25 డిగ్రీల దగ్గర పొడి గాలిలో ఆరబెట్టండి. చక్కెర లేకుండా ఆరబెడితే ఎన్వలప్ వైరస్ చితికిపోతుంది. ఫాయిల్ సంచిలో నీలం రంగు సిలికా జెల్ పొట్లంతో మూసి 4 డిగ్రీల దగ్గర పెట్టండి. జూలై, ఆగస్టుల్లో ఈ పని ఏసీ గదిలోనే చేయండి. ముసురు గాలి సంచిలోకి చేరితే పొట్లం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ సంచి తెరిచి చూడకుండానే పారేయొచ్చు.